కర్మాగారంలో ప్రమాదం జరిగిన తొలి గంట: రాత్రి షిఫ్టును ముందుగా సిద్ధం చేయడం ఎలా

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 అనే ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే ద్రవ రసాయనపు ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న ఊరిని కమ్మేసింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ రోజుల్లో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ ట్యాంకులోనే వేడెక్కి తనంతట తాను పాలిమర్‌గా, అంటే అణువులు గొలుసులుగా కలిసిన ప్లాస్టిక్ పదార్థంగా, మారడం మొదలుపెట్టిందనీ, ఆ చర్యను అదుపులో ఉంచే రసాయనం తగినంత లేదనీ, ఉష్ణోగ్రతను కొలిచే పరికరం ట్యాంకు అడుగు భాగంలోనే ఉన్నందున పైభాగంలో పెరిగిన వేడి తెలియలేదనీ ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అదే నివేదికలో ప్రతి యాజమాన్యమూ చదవవలసిన విషయం మరొకటి ఉంది. సైరన్ మోగించే వీలు ఆవరణలో 36 చోట్ల ఉన్నా, ఆ రాత్రి సైరన్ మోగలేదు.

ట్యాంకుల లోపాలను సరిచేయడం ఇంజనీర్ల పని, దానికి వేరే పుస్తకాలున్నాయి. సైరన్ మోగకపోవడం మాత్రం సంస్థ నడిచే తీరుకు సంబంధించిన లోపం. అత్యవసర ప్రణాళికలు సాధారణంగా పగటిపూట, మేనేజర్లంతా అందుబాటులో ఉన్న వేళను ఊహించుకుని రాస్తారు. రాత్రి రెండు గంటలకు ప్లాంటులో ఉండేది ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి, కొందరు ఆపరేటర్లు, కాంట్రాక్టు హెల్పర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ సిబ్బంది. కనుక ప్రణాళికను ముందుగా వారి కోసం రాసి, తరువాత పగటికి విస్తరించాలి.

మొదట తేల్చవలసినది అధికారం ఎవరిదన్నది. సైరన్ మోగించడానికీ, ప్లాంటు ఆపడానికీ పైవారి అనుమతి అక్కర్లేదని ఫ్యాక్టరీ మేనేజరు సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు ఇలా సూటిగా ఉంటే చాలు: "వాయువు వాసన, పొగ, మంట, అసాధారణమైన ఉష్ణోగ్రత లేదా పీడనం గమనించిన ఏ ఉద్యోగి అయినా, కాంట్రాక్టు కార్మికుడైనా, వెంటనే సైరన్ మోగించవచ్చు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఎవరినీ అడగకుండా ఉత్పత్తి ఆపవచ్చు. అనుమానం తప్పని తేలినా ఎవరిపైనా చర్య ఉండదు." దీనిని తెలుగులోనూ, మన పారిశ్రామిక వాడల్లో పనిచేసే ఒడిశా, బిహార్ కార్మికుల కోసం ఒడియా, హిందీ భాషల్లోనూ కంట్రోల్ రూములో, ప్రతి సైరన్ మీట పక్కన అంటించాలి. చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఒక బ్యాచ్ పాడైనందుకు ఆపరేటరును అందరి ముందూ నిలదీసిన ప్లాంటులో, తరువాతి ప్రమాదం నాడు మీట మీద చెయ్యి వేయడానికి ఎవరూ ముందుకు రారు.

సైరన్ విన్నవారు ఎటు వెళ్లాలో గాలి నిర్ణయిస్తుంది. అందుకే అసెంబ్లీ పాయింట్లు, అంటే అందరూ వచ్చి చేరవలసిన చోట్లు, కనీసం రెండు, ఆవరణకు వ్యతిరేక దిశల్లో ఉండాలి. గాలి దిశ చూపే విండ్‌సాక్‌ను ఏ షెడ్డు నుంచి చూసినా కనబడేంత ఎత్తున కట్టి, రాత్రి దానిపై దీపం పడేలా చూడాలి. చీకట్లో కనబడని విండ్‌సాక్ వల్ల రాత్రి షిఫ్టుకు ఉపయోగం లేదు. వాయువు వస్తున్న వైపుకు ఎదురుగా గానీ, అది కొట్టుకుపోతున్న దిశలో గానీ పరుగెత్తకుండా, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని తరువాత గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపుకు చేరాలని నేర్పాలి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువైనది కనుక పల్లంలోకి, కాలువల్లోకి దిగుతుంది. అటువంటి రసాయనాలు వాడే చోట మెరక వైపు వెళ్లాలి. రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో, శీతల గిడ్డంగుల్లో ఉండే అమ్మోనియా నీటిలో కరుగుతుంది కాబట్టి బయటకు వెళ్లేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకుంటే కొంత మేలు, అయితే దాన్ని నమ్ముకుని లోపలికి వెళ్లకూడదు.

ప్రాణాలు ఎక్కువగా పోయే మరో సందర్భం తోటివారిని కాపాడబోవడం. ట్యాంకులోనో, మురుగు గుంటలోనో ఒకరు పడిపోతే రెండోవారు పరుగున దిగుతారు, ఆయన పడితే మూడోవారు. ఆ మమకారాన్ని తప్పుపట్టలేం, కానీ ఊపిరి సెట్టు (సిలిండరులోని మంచి గాలిని మాస్కు ద్వారా అందించే పరికరం), నడుముకు తాడు, పైన కాపలా ఉండే మనిషి, ఈ మూడూ లేకుండా ఎవరూ దిగరాదన్న నియమాన్ని ప్రతి షిఫ్టుకూ నోటితో చెప్పించి, చేతులతో చేయించి అలవాటు చేయాలి. సెట్లు తాళం వేసిన స్టోర్‌లో ఉంటే లేనట్టే.

తరువాత లోపల ఉన్న మనుషుల లెక్క. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది దేహాలను డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించవలసి వచ్చింది, తమవారి ఆచూకీ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. లోపల ఎవరున్నారో చెప్పే జాబితా పేలిన భవనంలోనే ఉంటే అక్కరకు రాదు. షిఫ్టు మొదలైన పావుగంటలో కాంట్రాక్టు కార్మికులు, డ్రైవర్లు, సందర్శకులతో సహా ప్రతి ఒక్కరి పేరు, పనిచేసే విభాగం, ఇంటివారి ఫోను నంబరు ఉన్న జాబితా గేటు దగ్గర కాగితంపై ఉండాలి, ఒక ప్రతి ఆవరణ బయట భద్రపరచాలి. అసెంబ్లీ పాయింటులో పేర్లు పిలిచే బాధ్యత ముందే ఒకరికి, వారు లేకపోతే మరొకరికి అప్పగించాలి.

బయటికి చేసే ఫోను 112కు గానీ, అగ్నిమాపక కేంద్రానికి 101కు గానీ చేయాలి. కంగారులో మాట తడబడుతుంది కనుక చెప్పవలసిన వాక్యాన్ని ఫోను పక్కన రాసిపెట్టి, ఖాళీలు మాత్రం నింపుకోవాలి: కర్మాగారం పేరు, రసాయనం పేరు, సుమారు పరిమాణం, గాలి ఎటు వీస్తోంది, ఏ గేటు నుంచి రావాలి, గాయపడినవారు ఎందరు. చుట్టుపక్కల ఊళ్ల సర్పంచులకు, వార్డు పెద్దలకు ఫోన్లు వెంటవెంటనే వెళ్లాలి. అంబులెన్సు ఎక్కే ప్రతి మనిషి వెంట ఆ రసాయనపు భద్రతా సమాచార పత్రం ఒక ప్రతి పంపాలి. ఏం పీల్చాడో తెలియని రోగికి వైద్యుడు సరైన చికిత్స మొదలుపెట్టలేడు. దగ్గరలోని ఆసుపత్రికి ఆ పత్రాలను ముందే ఇచ్చి ఉంచడం ఇంకా మంచిది.

కుటుంబాలతో మాట్లాడేవారు ఒక్కరే ఉండాలి, ఆయన గేటు దగ్గరే నిలబడాలి. "అంతా అదుపులో ఉంది" అనే మాట ఎంతమాత్రం వాడకూడదు. తెలిసినది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఫలానా సమయానికి వచ్చి చెబుతాను అని చెప్పి, కొత్త కబురు లేకపోయినా ఆ సమయానికి తప్పక రావాలి. మరణాల సంఖ్యను దాచితే ఆ సంస్థ చెప్పే తరువాతి మాటను ఎవరూ నమ్మరు.

1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు, వాటి పరిధిలోకి వచ్చే కర్మాగారాలు ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళికపై ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలంటాయి. చాలాచోట్ల అది ఫొటోల కోసం పగలు పదకొండు గంటలకు జరుగుతుంది. ఏడాదికి కనీసం ఒకటి, పక్క ఊరికి ముందుగా తెలియజేసి, రాత్రి షిఫ్టుకు మాత్రం తెలియనివ్వకుండా, రెండున్నర మూడు గంటలకు జరపాలి. వాయువు వాసన ఉందని ఒక ఆపరేటరుకు చీటీ అందించి, గడియారం చూడండి. సైరన్ ఎన్ని నిమిషాలకు మోగింది, చివరి మనిషి అసెంబ్లీ పాయింటుకు ఎప్పుడు చేరాడు, జాబితాలో ఎవరి పేరు లేదు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి రాసుకుని, మర్నాటి ఉదయం అదే షిఫ్టు కార్మికులను కూర్చోబెట్టి వారి నోటితోనే లోపాలు చెప్పించాలి. ఒక్కో లోపానికీ ఒక పేరు, ఒక తేదీ వేసి ఆ కాగితాన్ని కంట్రోల్ రూము గోడకు అంటించాలి. తేదీ దాటినా పని జరగకపోతే దానికి జవాబు చెప్పవలసింది ప్లాంట్ హెడ్.