చెయ్యి కాదు, చేతులు: పిల్లలకు పసుపుతో ఓ పాఠం

అన్నానికి పిలుస్తూ "చెయ్యి కడుక్కుని రా" అంటాం. పిల్లలు అక్షరాలా అదే చేస్తారు. కుడిచెయ్యి కుళాయి కింద పెట్టి, నిక్కరుకు తుడుచుకుని కంచం ముందు కూర్చుంటారు. ఒక్క చెయ్యి తనను తాను రుద్దుకోలేదు. కాబట్టి ముందు మన మాట మారాలి: "రెండు చేతులూ సబ్బుతో కడుక్కో."

మూడు నాలుగేళ్ల పిల్లలకు క్రిముల గురించి చెప్పేటప్పుడు "పురుగులు" అనకండి. చెయ్యి తిప్పి చూసుకుని, ఏమీ పాకడం లేదు కాబట్టి శుభ్రంగానే ఉందనుకుంటారు. గుంటూరు పిల్లలకు కారం కంటే మంచి ఉదాహరణ లేదు. మిరపకాయల ముచ్చికలు తీసిన చేతి మీద కంటికి ఏమీ కనిపించదు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే మాత్రం మంటే. కారం జిడ్డులో కరుగుతుంది, ఉత్త నీళ్లకు సరిగా వదలదు. సబ్బు ఆ జిడ్డును విడదీస్తేనే నీళ్లతో పోతుంది. చేతి జిడ్డుకు అంటుకున్న క్రిములూ అంతే. ఇది మాటల్లో చెబితే చాలు. పిల్లల చేతికి కారం పూయొద్దు.

పూయాల్సింది పసుపు. చిటికెడు పసుపులో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి రెండు చేతులకూ వేళ్ల సందుల దాకా పట్టించండి. పాతబట్టలు వేయండి. చేతిమీద పుండ్లుంటే వద్దు. మొదట ఉత్త నీళ్లు పోయండి, పచ్చదనం అలాగే ఉంటుంది. తర్వాత సబ్బుబిళ్లతో రుద్దమనండి. తెల్లచొక్కా మీద పప్పు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందే, అలా సబ్బు చేరిన చోటల్లా ఎర్రబడుతుంది. చేరని చోట పచ్చగానే ఉంటుంది: బొటనవేలి మొదలు, గోళ్ల చుట్టూ, చేతి వెనక. అప్పుడే చూపించాలి. నీళ్లు పోశాక ఎరుపు పోయి మళ్లీ పచ్చగా కనిపిస్తుంది, పాఠం దక్కదు. దీనికి సబ్బుబిళ్లే వాడండి. సీసాలో వచ్చే హ్యాండ్‌వాష్‌లు కొన్నింటికి రంగు మారదు.

రుద్దడం 20 సెకన్లు. అంకెలు లెక్కపెట్టమంటే గబగబా అనేసి వదిలేస్తారు. బదులుగా వేళ్లకు పేర్లు పెట్టి పిలిపించండి. అరచేతులు, వెనకవైపు, వేళ్ల సందులు రుద్దాక, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు అంటూ ఒక్కో వేలినీ పిడికిట్లో పట్టి మెలితిప్పాలి. రెండో చేతికీ అంతే. చివర గోళ్లను అరచేతిలో గీకాలి. రుద్దినంతసేపూ కుళాయి కట్టేయండి.

కుళాయి లేని చోట బకెట్లో చేతులు ముంచనివ్వకండి, పెద్దవాళ్లు చెంబుతో పోయాలి. పెద్ద సబ్బు చిన్నచేతిలోంచి జారిపోతుంది, సగానికి కోసి చిల్లులున్న పెట్టెలో పెట్టండి. సింకు అందకపోతే కింద పీట వేయండి.

తిన్నాక ఎలాగూ కడుక్కుంటారు. గుర్తుచేయాల్సింది తినబోయే ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక, మట్టిలో ఆడాక, కుక్కనో కోడిపిల్లనో పట్టుకున్నాక. మట్టిచేతులకు శానిటైజర్ సరిగా పనిచేయదు. చేతులు తుడవడానికి ఇంటిల్లిపాదీ వాడే తడి తువ్వాలు ఇవ్వకండి, పొడిది వేరుగా పిల్లలకు అందే ఎత్తులో తగిలించండి.