కొయ్య మీద మొదటి గాటు పెట్టే ముందు

చెక్కడం కొత్తగా నేర్చుకుంటున్నారా? ఉలి పట్టే ముందు ఇవి చూసుకోండి.

• చెక్కను బల్లకు బిగించారా? ఒక చేత్తో చెక్క పట్టుకుని మరో చేత్తో ఉలి తోస్తే, అది జారినప్పుడు నేరుగా అరచేతిలో దిగుతుంది. రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.

• పదును చూశారా? వేలితో మాత్రం కాదు. మెత్తని చెక్క మీద, నారకు అడ్డంగా చిన్న గాడి తీయండి. గాడి నున్నగా మెరిస్తే సరే. అందులో సన్నని తెల్ల గీత కనిపిస్తే, అంచు అక్కడ పెచ్చు లేచినట్టే. కొత్త ఉలి అయినా ఈ పరీక్ష తప్పదు. చాలావాటికి కొన్నాక సానపట్టాల్సిందే.

• వంపు ఉలి మీది అంకె వెడల్పు కాదు, వంపు. సాధారణంగా 3 అంటే దాదాపు చదును, 9 అంటే సుమారు అర్ధవృత్తం, 11 అంటే లోతైన గాడి. వెడల్పును మిల్లీమీటర్లలో విడిగా చెబుతారు. తయారీదారును బట్టి కాస్త తేడా ఉంటుంది.

• వడ్రంగి ఉలితో సరిపెట్టకండి. దాని అంచుకు పదును కోసం తీసే వాలు ఒక వైపే. చెక్కడానికి వాడే చదును ఉలికి రెండు వైపులా ఉంటుంది, ఎటు తిప్పినా పని చేస్తుంది.

• ఇనుప సుత్తి వద్దు, పిడి చీలిపోతుంది. కొయ్యసుత్తి వాడండి. అరచేతిలో ఇమిడే పొట్టి ఉలులను అసలు కొట్టకూడదు.

• వి ఆకారపు ఉలి తర్వాత కొనండి. రెండు రెక్కలూ కలిసే మొనను సానపట్టడం అనుభవజ్ఞులకే విసుగు.

• పెద్ద ఉలుల పెట్టె కొనే తొందర వద్దు. అందులో సగం తుప్పు పట్టడానికే.