బిట్ పేపర్‌కు ఆదివారం పోగొట్టుకోకండి

యూనిట్ టెస్ట్ వస్తోందంటే బిట్లు తయారు చేయడానికే నా ఆదివారం సాయంత్రం పోయేది. మాది కడప దగ్గర హైస్కూలు, నేను చెప్పేది సోషల్. ఇప్పుడు పాఠంలోని రెండు పేజీలు ఫొటో తీసి ఏఐకి పెట్టి, "ఈ పేజీల్లో ఉన్నదాని నుంచే 8వ తరగతికి 20 బిట్లు, నాలుగేసి ఆప్షన్లు, జవాబులు చివర విడిగా" అని తెలుగులోనే టైప్ చేస్తున్నాను. "ఈ పేజీల్లో ఉన్నదాని నుంచే" అన్న ముక్క వదిలేస్తే సిలబస్‌లో లేనివి అడుగుతుంది. ఇరవైలో బాగున్న పది ఉంచుకుంటే సరి.

జవాబులు చూడకుండా జిరాక్స్‌కు మాత్రం ఇవ్వకండి. పుస్తకం చూపించకుండా మన జిల్లా సంగతులు అడిగితే మరీ తడబడుతుంది. మొన్న పెన్నా ఒడ్డున ఉన్న గండికోటను తుంగభద్ర ఒడ్డుకు చేర్చింది! పిల్లల పేర్లు, మార్కుల లిస్టు ఏఐలో పెట్టొద్దు.