ఖరీదైన రెస్టారెంటుకు మార్కులు వేయడం ఎలా?

హైదరాబాద్‌లో రుచిగా తినడానికి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదన్నది ఈ ఊళ్ళో నాలుగేళ్ళు ఉన్నవారికెవరికైనా తెలిసిన సంగతే. పాతబస్తీలో పొద్దున్నే దొరికే నహారీ, ఇరానీ హోటల్ బిర్యానీ, అమీర్‌పేట మెస్సుల్లో గడ్డపెరుగుతో ముగిసే భోజనం నోటికి ఏ లోటూ చేయవు. అందువల్లనే జూబ్లీహిల్స్‌లోనో, గచ్చిబౌలిలోనో మనిషికి రెండు మూడు వేలు ఖర్చయ్యే చోటికి వెళ్ళి వచ్చినవారు సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు: "ఆంబియెన్స్ అదిరింది" అని గాని, "ఇదే బిర్యానీ బయట మూడొందలకు వస్తుంది" అని గాని. ఈ రెండూ తీర్పులు కావు. మొదటి మాటలో భోజనం ప్రసక్తే లేదు; రెండవ మాటలో భోజనం తప్ప మరేదీ లేదు. ఆహారం, వడ్డన, అలంకరణ, పెట్టిన డబ్బుకు దక్కిన విలువ అనే నాలుగింటినీ వేర్వేరుగా తూచి, ఒకదాని మెరుపు మరొకదాని లోపాన్ని కప్పకుండా చూసుకుంటే తప్ప ఇలాంటి చోట్ల గురించి పక్కవారికి పనికివచ్చే మాట చెప్పలేము.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1979లో న్యూయార్క్‌లో జగట్ దంపతులు తమ స్నేహితుల అభిప్రాయాలను సేకరించి మొదలుపెట్టిన రెస్టారెంట్ల సర్వేలో ఆహారానికి, అలంకరణకు, సర్వీసుకు వేర్వేరుగా 30 మార్కుల కొలమానం ఉండేది. భోజనానికి సుమారుగా అయ్యే ఖర్చును పక్కనే ఇచ్చేవారు. రెస్టారెంట్లకు నక్షత్రాలు ఇచ్చే ఫ్రెంచి మిషెలిన్ గైడు మరొక దారి పట్టింది: దాని నక్షత్రాలు పళ్ళెంలో ఉన్నదానికే గాని, గోడలకు, కుర్చీలకు కావు. ఈ రెండు పద్ధతుల్లో ఏది అనుసరించినా, మన ఫోన్లలోని యాప్‌లు చూపించే 4.2 లాంటి ఒంటి అంకె కంటే మేలే, ఎందుకంటే ఆ అంకె పార్కింగు దొరకనందుకు తగ్గిందో, పులుసు పాడైనందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

వెళ్ళే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కొత్తగా తెరిచిన చోటికి మొదటి వారంలోనే పరుగెత్తకండి. వంటవాళ్ళకు, వడ్డించేవాళ్ళకు చేయి కుదరడానికి కొంత సమయం ఇవ్వడం న్యాయం. వీలైతే ఒకసారి మామూలు రోజు మధ్యాహ్నం, మరొకసారి శనివారం రాత్రి వెళ్ళండి. నిదానంగా ఉన్నప్పుడు ఎంత బాగా చేయగలరో మొదటిసారి తెలుస్తుంది. నిండుగా ఉన్నప్పుడు ఎంతవరకు దిగజారుతారో రెండవసారి తెలుస్తుంది. నలుగురు కలిసి వెళ్తే ఎక్కువ వంటకాలు రుచి చూడవచ్చు. యజమాని పిలిచి ఉచితంగా పెట్టిన భోజనం తిని మార్కులు వేయడం మాత్రం మానుకోవాలి. ఉప్పు తిన్నవారి కలం ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు.

ఇక ఆహారం. ఏమి ఆర్డరు చేశారన్నదాని మీదనే సగం తీర్పు ఆధారపడి ఉంటుంది. మెనూలో చెఫ్ ప్రత్యేకమని గీత గీసి చూపించిన వంటకం ఒకటి తీసుకోండి, కాని దానితోపాటు దాచడానికి చోటులేని సాదా వంటకం కూడా ఒకటి తప్పక తీసుకోండి. తెలుగు వంటలు వడ్డించే చోట అది ముద్దపప్పు కావచ్చు, చారు కావచ్చు. పోపు అప్పుడే వేశారా, పొద్దున వేసి మళ్ళీ వేడి చేశారా అన్నది చారు వాసనలోనే తెలిసిపోతుంది. క్రీము, జీడిపప్పు ముద్ద, వెన్న కుమ్మరించిన కూరలో అది తెలియదు.

హైదరాబాదీ వంటల చోట పరీక్ష పెట్టవలసింది కచ్చీ గోష్త్ బిర్యానీకే. పచ్చి మాంసాన్ని పెరుగు, అల్లం వెల్లుల్లి, మసాలాలలో నానబెట్టి, దానిమీద సగం ఉడికిన బాస్మతి అన్నం పరిచి, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ మీద ఉంచినప్పుడు, కింది మాంసమూ పైన అన్నమూ ఒకేసారి సిద్ధం కావాలి. పనితనమంతా అక్కడే ఉంది. బల్ల దగ్గర పిండి మూతను కత్తితో కోసి తీసే తతంగాన్ని చూసి మురిసిపోకండి, ఎందుకంటే విడిగా వండిన అన్నాన్నీ కూరనూ చిన్న హండీలో కలిపి, పిండి అంటించి కాసేపు పొయ్యిలో ఉంచితే కూడా అదే దృశ్యం కనబడుతుంది. మీరు చూడవలసింది లోపల. గరిటెను పైపైన తిప్పకుండా హండీ అంచు వెంట అడుగుదాకా దింపి తీయమనండి. తెల్లని మెతుకు, కుంకుమపువ్వు రంగు మెతుకు, అడుగున మసాలా పట్టిన మెతుకు మూడూ విడివిడిగా కనబడాలి. ఏమీ కలుపుకోకుండా తెల్లని మెతుకులు నాలుగు నోట్లో వేసుకోండి. వాటిలో మాంసపు ఆవిరి రుచి తగలకపోతే ఆ అన్నం ఆ మాంసంతో కలిసి ఉడకలేదని అర్థం. ముక్క ఎముకను సులువుగా వదలాలి గాని పీచుపీచుగా చెదిరిపోకూడదు. అడుగున గ్రేవీ మడుగు కట్టి ఉంటే అది బిర్యానీ పేరు పెట్టుకున్న కూరన్నమే. పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్‌ను కూడా విడిగా రుచి చూడండి: పల్లీలు, నువ్వులు, కొబ్బరి బాగా వేగి, చింతపండు పులుపులో కలిసిపోయి ఉండాలి, పచ్చి పల్లీ వాసన వచ్చిందంటే తొందరపడ్డారన్నమాట.

రాగి సంగటి, నాటుకోడి పులుసు ఇప్పుడు పెద్ద హోటళ్ళ మెనూల్లోకి కూడా ఎక్కాయి, ధరలూ అందుకు తగినట్టే ఎక్కాయి. నాటుకోడి అని రాసిన చోట ముక్క కొంచెం గట్టిగా, నమలవలసినట్టు ఉండాలి, ఎముక గట్టిగా ఉండాలి, పులుసులోకి దాని సారం దిగి ఉండాలి. ముట్టుకోగానే ఊడిపోయే మెత్తని ముక్క వచ్చిందంటే బ్రాయిలర్ కోడికి నాటు ధర కడుతున్నట్టే. సంగటి వేడిగా ఉన్నప్పుడే మృదువుగా ఉంటుంది. బల్లమీదకు వచ్చేసరికి పైన తొక్క కట్టి ఉంటే అది వంటింట్లో ఎదురుచూసిన సంగటి. ఉలవచారు చిక్కదనం గంటల తరబడి మరగడం వల్ల రావాలి గాని పిండి కలపడం వల్ల కాదు. పిండి కలిపినదానికి ఒక రకమైన మెరుపు, నాలుకకు జిగట ఉంటాయి.

ఇటాలియన్, జపనీస్ వంటి విదేశీ వంటల దగ్గర మన నాలుక అలవాటును కొంచెం పక్కన పెట్టాలి. కారం లేదన్నది రిజోట్టోలో లోపం కాదు. అన్నం గింజ మధ్యలో కాస్త పలుకు ఉండడం అక్కడ తప్పు కాదు సరికదా, కావలసిందే. సుషీ అన్నం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే మాత్రం మార్కులు తగ్గించవచ్చు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరు కాబట్టి చేపల విషయంలో ఈరోజు ఏది తాజాగా వచ్చిందని అడగండి. అన్నీ తాజానే అని చెప్పే చోట రొయ్య తప్ప మరేదీ తినకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఇలాంటి విదేశీ వంటల్లో ఆవకాయ, గోంగూర కలిపి చేసే కొత్తరకం ప్రయోగాల మీద నాకు పెద్దగా గురి లేదు. అయినా వాటిని తూచడానికి ఒక ఉపాయం ఉంది: పేరు, కథ, పొగ అన్నీ తీసేసి, ఇదే ముద్దను ఇంట్లో మామూలు గిన్నెలో పెడితే మారు అడుగుతామా అని ఆలోచించాలి.

వడ్డన దగ్గరకు వస్తే, వంగి నమస్కారం పెట్టడం, కుర్చీ లాగడం, చేతికి వేడి తువ్వాలు ఇవ్వడం చూసి మార్కులు వేస్తే దాదాపు అందరికీ సమానంగానే వస్తాయి. తేడా తెలిసేది ప్రశ్న అడిగినప్పుడు. బంజారాహిల్స్‌లోని ఒక చోట, పల్లీలు పడని మా పెద్దమ్మ సాలన్‌లో పల్లీలు ఉంటాయా అని అడిగితే, వెయిటరు వంటింటి వైపు చూడనైనా చూడకుండా "లేవు మేడమ్" అన్నాడు. సాలన్‌కు పల్లీయే పునాది అన్న సంగతి తెలియకపోవడం ఒక తప్పు. తెలియనిది కనుక్కుని చెప్తాననకపోవడం దానికంటే పెద్ద తప్పు. ఈ ఊళ్ళోని రెస్టారెంట్లలో పనిచేసేవారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు కాబట్టి, తెలుగు రాదన్న కారణంగా ఎవరికీ మార్కులు తగ్గించకూడదు. అయితే తెలుగు వంటల పేరుతో అమ్ముకునే చోట పులుసుకు, ఇగురుకు తేడా చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి.

మరికొన్ని గమనించండి. స్టార్టర్లు, కూరలు, రొట్టెలు అన్నీ ఒకేసారి తెచ్చి బల్ల నింపేస్తున్నారా, లేక ఒకటి ముగిశాక మరొకటి తెస్తున్నారా? నలుగురిలో ఒకరు ఇంకా తింటుండగానే మిగతావారి పళ్ళాలు లాగేస్తున్నారా? కూర్చోగానే మామూలు నీళ్ళ సంగతి ఎత్తకుండా సీసా మూత తిప్పుతున్నారా? నలుగురికి ఇది సరిపోతుంది, ఇంకొకటి వద్దని చెప్పే కెప్టెన్ దొరికితే అతనికి నిండా మార్కులు వేయండి, అటువంటివారు అరుదు. లోపం చెప్పినప్పుడు ఏం చేశారన్నది వీటన్నిటికంటే ముఖ్యం. చల్లారిన రొట్టెను మారు మాట లేకుండా మార్చి తెచ్చే చోటు వేరు, "మా దగ్గర ఇలాగే ఉంటుంది సార్" అని నిలబడే చోటు వేరు.

అలంకరణ గురించి చెప్పుకోవలసింది తక్కువ. వెలుతురు మెనూ చదవడానికి సరిపోవాలి, ఎదురుగా ఉన్న మనిషి మాట గొంతు పెంచకుండా వినబడాలి, కుర్చీలో రెండు గంటలు కూర్చోగలగాలి, ఏసీ గాలి నేరుగా పళ్ళెం మీద పడి నెయ్యి పేరుకునేలా చేయకూడదు. టాయిలెట్టు తప్పక చూడండి; కస్టమర్లు వెళ్ళే గదినే శుభ్రంగా ఉంచలేనివారు కనబడని వంటింటిని ఎలా ఉంచుతారో ఊహించవచ్చు. ఫొటోల కోసం పెట్టిన పూలగోడలకు, నియాన్ అక్షరాలకు నేనైతే మార్కులు వేయను. కట్టడమే ఆకర్షణ అయిన చోట లెక్క వేరు. 1884లో నిర్మాణం మొదలై, 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో, 101 మంది కూర్చోగల భోజనాల బల్ల ఉన్న ఆ భవనంలో, చూడడం కూడా తినడంలో భాగమే. అలాంటి చోట అలంకరణకు ఎక్కువ మార్కులు వేయవచ్చు, కాని ఆ మార్కులు ఆహారం ఖాతాలోకి జారకూడదు.

చివరిదైన విలువను మెనూ ధర చూసి కాక, కట్టిన మొత్తాన్ని చూసి లెక్కించాలి. విడిగా ఉండే రెస్టారెంటులో ఆహారంపై జీఎస్టీ 5 శాతం; గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. మద్యానికి జీఎస్టీ వర్తించదు, రాష్ట్ర వ్యాట్ వేరుగా పడుతుంది. ఉదాహరణకు ఇద్దరు 4,000 రూపాయల భోజనం చేశారనుకుంటే, మొదటి చోట బిల్లు 4,200 అవుతుంది, రెండవ చోట 4,720. ఆ రెండవ చోటే భోజనం ధర మీద 10 శాతం సర్వీస్ చార్జీ కూడా వేస్తే, ఆ 400 మీద కూడా పన్ను పడి 5,192కు చేరుతుంది. అంటే అదే 4,000 రూపాయల భోజనానికి దాదాపు వెయ్యి తేడా. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే చేర్చకూడదని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో అది కనబడితే తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ మాట అడిగిన క్షణంలో వారి ముఖం ఎలా మారిందన్నది వడ్డన మార్కుల్లోకి వెళ్తుంది.

మొత్తం తెలిశాక, పోల్చవలసింది ఇరానీ హోటల్‌తో కాదు, అదే తరగతికి చెందిన మరొక రెస్టారెంటుతో. ఒక్కొక్క వంటకం దగ్గర ఎక్కువ ధర దేనికి పడిందో చూడండి. మంచి మేక మాంసానికి, పెద్ద రొయ్యలకు, గంటల శ్రమకు పడితే సమ్మతమే. పప్పుకు ఐదు వందలు వేశారంటే మీరు కడుతున్నది గోడలకు. ఆదివారం బ్రంచ్ బఫేల్లో వంటకాల సంఖ్యను కాక, మీరు నిజంగా రెండవసారి వడ్డించుకున్నవాటిని లెక్కపెట్టండి. చాలా పెద్ద హోటళ్ళలో మధ్యాహ్నపు సెట్ భోజనం రాత్రి భోజనం కంటే చవకగా ఉంటుంది కాబట్టి, అదే వంటింటి చేతిని తక్కువలో చూడడానికి అది మంచి మార్గం.

నాలుగు మార్కులనూ కూడి సగటు తీయకండి. నా లెక్కలో ఆహారానికి పదికి ఆరు రాని చోట మిగతా మూడింటికి ఎన్ని వచ్చినా ఆ చోటును ఎవరికీ సిఫారసు చేయను. ఆరు దాటిన తరువాత మాత్రం వెళ్ళే పనిని బట్టి మాట మారుతుంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారికి వడ్డన మార్కులు, పెళ్ళిరోజుకు వెళ్ళేవారికి అలంకరణ మార్కులు, సొంత డబ్బుతో తరచు తినేవారికి విలువ మార్కులు ముందు చెప్పండి. ఏ తేదీన వెళ్ళారో, ఏమేమి తిన్నారో, మొత్తం ఎంతయిందో ఆ రాత్రే రాసుకుని బిల్లును ఫొటో తీసి ఉంచుకోండి. ఆ బిల్లుమీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా అప్పుడే చూడవచ్చు. ప్రధాన చెఫ్ మారాడని తెలిసినప్పుడు ఆహారం మార్కులను కొట్టేసి, మళ్ళీ వెళ్ళి తిన్న తరువాతే కొత్తవి వేయండి.