స్ప్రే పెయింటింగ్ పనిలో ఊపిరి కాపాడుకోవడం ఎలా

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు షెడ్లలో స్ప్రే గన్ పట్టే మనవాళ్లు చాలామంది ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పని కానిచ్చేస్తారు. తువ్వాలు గానీ, దుమ్ము మాస్కు గానీ థిన్నర్ ఆవిరిని ఆపవు.

అన్నిటికన్నా ప్రమాదం రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురేథేన్) పెయింటు. దాని హార్డెనర్‌లో, అంటే పెయింటును గట్టిపరిచే రెండో డబ్బాలో, ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. అది ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం, పిల్లికూతలు. వాసనను బట్టి కనిపెట్టలేం. దీనికి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కే సరైనది. మామూలు కంప్రెసర్ గాలిని మాత్రం పీల్చకండి, అందులో నూనె ఆవిరి కలుస్తుంది.

ఎనామిల్ పనికి మాస్కుకు ఆవిరి కార్ట్రిడ్జ్ (ఆవిరిని పీల్చుకునే బొగ్గు ఉన్న డబ్బీ), దాని ముందు తుంపర ఆపే ఫిల్టర్ కావాలి. తొడిగాక అరచేతులతో కార్ట్రిడ్జ్‌లు మూసి మెల్లగా పీల్చండి. మాస్కు లోపలికి నొక్కుకుని, 10 సెకన్లు అలాగే నిలవాలి. గడ్డం ఉంటే నిలవదు. మే ఎండలకు చెమట పట్టి జారుతుంది, తుడుచుకుని మళ్లీ చూడండి. పనయ్యాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. మేకుకు వేలాడదీస్తే అందులోని బొగ్గు రాత్రంతా ఆవిరి పీల్చి తెల్లారేసరికి పనికిరాకుండా పోవచ్చు.

ట్యాంకు లోపల పెయింటు వేసేటప్పుడు థిన్నర్ ఆవిరి అడుగున చేరుతుంది, కాబట్టి ఆవిరిని బయటికి లాగే గొట్టం అడుగుకే దించండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగొద్దు. లోపలివాడికి కట్టిన తాడు పట్టుకుని పైన ఒకరు ఉండాలి. లోపలివాడు పడితే తాడుతో లాగాలే తప్ప వెంట దూకకూడదు.

ఎయిర్‌లెస్ గన్ (గాలి లేకుండా, చాలా ఒత్తిడితో పెయింటు చిమ్మే గన్) ధార వేలికి తగిలితే సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. లోపల పెయింటు దూసుకుపోయి ఉంటుంది. నొప్పి లేకపోయినా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి, పెయింటు డబ్బా లేబుల్‌తో సహా వెళ్లండి.