సోషల్ రోబో పాఠాలు – 4: తల ఊపే ముందు

సోషల్ రోబో, అంటే మనుషులతో మెలగడానికి చేసిన రోబో, ఒక మనిషిని మొదటిసారి కలిసినప్పుడు పలికే మూడు వాక్యాలు రాయమని పోయినసారి అడిగాను. వచ్చినవాటిలో చాలామటుకు "నేను మీ స్నేహితుణ్ణి, ఏదైనా అడగండి" అనే మొదలయ్యాయి. నమ్మకం కలిగించాలని చెప్పాను గాని ఎంతవరకో చెప్పలేదు, లోపం నాది. కాబట్టి చూపు నిలపడం గురించిన పాఠాన్ని తర్వాతికి వాయిదా వేస్తున్నాను.

"ఏదైనా అడగండి" అన్న రోబో రెండో ప్రశ్నకే తెల్లమొహం వేస్తే మూడోది ఎవరూ అడగరు. జపాన్‌లో టకనోరి షిబాటా రూపొందించిన పారో అనే రోబోను చూడండి. దాని రూపం సీల్ అనే సముద్ర జంతువు పిల్లది. కుక్కో పిల్లో అయితే ఇంట్లో పెంచినవాళ్లు అసలుదానితో పోల్చి లోపాలు పట్టేస్తారు. సీల్‌ను పెంచినవాళ్లు ఎందరు? పైగా అది మాట్లాడదు. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. ఆశ పెట్టింది కొంచెమే, అది తీరుస్తుంది.

ఇక మీలో సగం మంది పడ్డ గుంట: అర్థం కాకుండానే తల ఊపించడం. ఇది చూస్తే నాకు కోపం ఆగదు. ఒక పెద్దావిడ "పొద్దుటి మాత్ర వేసుకోలేదు" అంటుంది. రోబోకు "పొద్దుటి" వరకే అందింది, అయినా తల ఊపి "అలాగే" అంటుంది. తన మాట చేరిందనుకుని ఆవిడ లేచి వెళ్లిపోతుంది. మాత్ర డబ్బాలోనే ఉంటుంది. "పొద్దున ఏదో అన్నారు, తర్వాత మాట వినబడలేదు" అని ఉంటే ఆవిడ మళ్లీ చెప్పేది. వింటున్నట్టు తెలియాలంటే ముఖం ఆమె వైపు తిప్పితే చాలు. తల ఊపడం మాత్రం మాట పూర్తిగా అందాకే. నేనైతే మొదటి వారం ఆ కదలికనే ఆపేస్తాను.

నమ్మకం మితిమీరినా ప్రమాదమే. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉత్తుత్తి అగ్నిప్రమాదంలో రోబోను దారి చూపించమన్నారు. పాల్గొన్నవాళ్లలో సగం మంది అది తడబడటం కొద్ది నిమిషాల ముందే చూశారు, అయినా మొత్తం 26 మందీ దాని వెంటే నడిచారు.

అభ్యాసం: ఒకరు రోబోగా, ఒకరు మనిషిగా అరగంట మాట్లాడుకోండి. రోబో తల ఊపిన ప్రతిసారీ ఆపి, దానికి ఏం అర్థమైందనుకున్నారో మనిషి చేత రాయించండి. రోబో తనకు నిజంగా అర్థమైంది విడిగా రాసుకోవాలి. రెండూ కలవని చోట్లన్నీ పంపండి, మూడు వాక్యాలను కూడా తిరగరాసి జతచేయండి.