మందంగా, బరువుగా ఉన్న నాణెం దొరికిందా? మింట్ ఎర్రరో కాదో ఇలా చూసుకోండి

చేతిలోకి తీసుకోగానే "ఇదేంటి ఇంత దిట్టంగా ఉంది" అనిపించే నాణెం అప్పుడప్పుడు తగులుతుంది. వెంటనే ఎర్రర్ కాయిన్ (తయారీలోనే తప్పు జరిగిన నాణెం) అని ఫిక్స్ అయిపోకండి, మింట్ (నాణేలు ముద్రించే టంకశాల) నుంచి బయటికొచ్చాక నలిగిందో, ఎవరైనా కావాలని చేసిందో, లేదా ఆ ఏడాది నాణెం మందమే అంతో కావచ్చు. కంటికి ముందు మందమే కనిపిస్తుంది గానీ అసలు సంగతి చెప్పేది తూకం.

0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం స్కేలు, డిజిటల్ కాలిపర్ (మందం, వ్యాసం కొలిచే పరికరం), భూతద్దం, అయస్కాంతం, పోల్చుకోడానికి అదే ఏడాది అదే విలువ ఉన్న మామూలు నాణెం ఒకటి దగ్గర పెట్టుకోండి. వంటింటి స్కేలుతో ఈ పని అవ్వదు.

మొదట ఆ ఏడాది ఆ నాణేనికి అసలు ఎంత బరువు, ఎంత మందం ఉండాలో చూడండి, చాలామంది దాటేసేది ఇదే. అమెరికా సెంటు 1982లో 3.11 గ్రాముల నుంచి 2.5 గ్రాములకి మారింది, ఆ ఏడాది రెండు రకాలూ వచ్చాయి, రెండూ కరెక్టే. బ్రిటన్ పెన్నీ ఇంకా తమాషా, 1992లో కంచు నుంచి రాగి పూత ఉన్న స్టీలుకి మారినప్పుడు బరువు 3.56 గ్రాములే ఉంచారు, కానీ స్టీలు తేలిక కాబట్టి మందం 1.52 నుంచి 1.65 మిల్లీమీటర్లకి పెరిగింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎర్రర్ అనుకుంటే అయిపోయినట్టే.

తర్వాత తూకం. మూడుసార్లు వేయండి, మధ్యలో మామూలు నాణెం కూడా వేసి స్కేలు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ప్రతి నాణేనికీ కొంత అటూ ఇటూ ఒప్పుకుంటారు. అమెరికా క్వార్టర్ (25 సెంట్ల నాణెం) 5.67 గ్రాములు, ప్లస్ ఆర్ మైనస్ 0.227, అంటే 5.85 వచ్చిందని ఎగరక్కర్లేదు, అది లెక్కలోనే ఉంది. 6.5 వస్తే మాత్రం కూర్చుని చూడాల్సిందే.

ఇప్పుడు వ్యాసం, మందం కొలవండి, మందం అంచు చుట్టూ నాలుగైదు చోట్ల. నాణేన్ని ముద్రించేటప్పుడు చుట్టూ కాలర్ అనే రింగు ఉంటుంది, ఎక్కువ లోహం ఉన్నా పక్కకి పోనివ్వదు, కాబట్టి అదనపు లోహం అంతా మందంలోకే వెళ్తుంది. రేకుని రోలర్ల మధ్య సాగదీసేటప్పుడు గ్యాప్ ఎక్కువైనా, వేరే నాణేనికి ఉంచిన మందపాటి రేకులోంచి బిళ్ళ (ఇంకా ముద్ర పడని ఖాళీ నాణెం) కోసినా ఇలా అవుతుంది. అప్పుడు వ్యాసం మామూలుగానే ఉండి, బరువు ఎంత శాతం పెరిగిందో మందం కూడా దాదాపు అంతే పెరగాలి. ఆ 6.5 గ్రాముల క్వార్టరునే తీసుకోండి, బరువు 15 శాతం దాకా ఎక్కువ, సో 1.75 మిల్లీమీటర్ల మందం 2 దగ్గరికి రావాలి.

ఈ రెండూ కలవకపోతే కథ వేరు. మందం పెరిగి బరువు పెరగకపోతే, వ్యాసం కూడా తగ్గిందేమో చూడండి, బట్టలారబెట్టే పెద్ద డ్రయర్ మెషీన్లలో ఇరుక్కుని నెలల తరబడి దొర్లిన నాణెం అంచు లోపలికి ముడుచుకుని లావుగా తయారవుతుంది, అక్షరాలు అంచు కిందకి వెళ్ళిపోతాయి. నాకు దొరికిన మొదటి "ఎర్రర్" ఇదే, రెండు రోజులు సంబరపడి మూడోరోజు తూకం వేస్తే మామూలు దానికంటే కాస్త తక్కువే వచ్చింది 😄. అదే మందం మామూలుగా ఉండి బరువు మాత్రం పెరిగితే లోహమే వేరు అయ్యుండొచ్చు. 1943లో అమెరికా సెంట్లు 2.7 గ్రాముల స్టీలువి, పొరపాటున కంచు బిళ్ళల మీద ముద్ర పడిన కొన్ని 3.11 దగ్గర తూగుతాయి, అయస్కాంతానికి అంటుకోవు. వీటికి దొంగవి బోలెడు, స్టీలు దానికి రాగి పూత పూస్తారు (అంటుకుంటే దొరికిపోయినట్టే), లేదా 1948 నాటి సెంటు మీద 8ని చెక్కి 3 చేస్తారు.

లోహం మీద డౌట్ ఉంటే నీళ్ళ టెస్ట్ చేయండి. గ్లాసులో నీళ్ళు పోసి స్కేలు మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో అడుగుకి, గోడలకి తగలకుండా పూర్తిగా ముంచండి, బుడగలు ఉండకూడదు. నాణెం బరువుని ఆ వచ్చిన అంకెతో భాగిస్తే సాంద్రత (ఒక ఘన సెంటీమీటరుకి ఎన్ని గ్రాములో). రాగి 8.96, వెండి 10.49, జింక్ 7.14.

ఆఖరికి భూతద్దం. మందపాటి బిళ్ళకి డై (బొమ్మని ముద్రించే అచ్చు) గట్టిగా తగులుతుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అంచు మీద గీతలు నిండుగా ఉంటాయి, ఒక్కోసారి రిమ్ (నాణెం చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే గట్టు) పైన పల్చటి రేకులా లోహం పైకొస్తుంది. రిమ్ లోపలి వైపు గుండ్రంగా సన్నని అతుకు కనిపిస్తే రెండు నాణేలు కలిపి చేసిన మ్యాజిక్ కాయిన్ (ఇంద్రజాలికులు వాడేది). ఇక రెట్టింపు మందం ఉండి పాలిష్‌తో మెరిసిపోతుంటే పీడ్‌ఫోర్ట్ కావచ్చు, అవి మింట్లే కలెక్టర్ల కోసం కావాలని చేస్తాయి, బ్రిటన్ రాయల్ మింట్ 1982 నుంచి అమ్ముతోంది.

అన్నీ సరిపోతే తోమకండి, కడగకండి, అంచులు పట్టుకుని పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) లేని కవర్లో పెట్టండి, పీవీసీ కవర్ కొన్నాళ్ళకి పచ్చటి జిగురు వదులుతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలకి (నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చేవి) పంపేముందు నాణెం స్కేలు మీద ఉండగా అంకె కనిపించేలా ఒక ఫోటో, కాలిపర్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.